డెబ్బై ఆరు

నాడి పట్టుకోవడం నాకు అందరికంటే ముందే వచ్చేసింది. అందుకే ఆ తర్వాత జరిగినదాని గురించి, నాకేమీ తెలియదు అని చెప్పుకునే వీలు నాకు లేదు.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. నగరిలో మా ఇంట్లో మరమగ్గాలు నాలుగు ఉండేవి. రెండు పోయాయి. మిగిలిన రెండూ వారంలో సగం రోజులు ఆడకుండా నిలబడి ఉండేవి. తిరుపతిలో ఆసుపత్రి సహాయకుల కోర్సు ఒకటి ఉందని, ఆరు నెలలు నేర్చుకుని చివర్లో అసెస్‌మెంటు పాసైతే సర్టిఫికెట్ ఇస్తారని, అది ఉంటే ఏ ఆసుపత్రిలోనైనా పని దొరుకుతుందని మా వీధిలో ఒకామె చెప్పింది. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. క్లాసు ఒక టైర్ల కొట్టు పైన, మూడో అంతస్తులో. రెండు మంచాలు, నడుము వరకే ఉన్న రబ్బరు బొమ్మ, మూడు పాదరసం బీపీ మిషన్లు, కిటికీ పక్కన ఎముకల గూడు పటం. ఇరవై రెండు మందిమి, అందరమూ ఆడవాళ్లమే.

మాకు పాఠం చెప్పేది అరవై దాటిన రిటైర్డు నర్సు. చిత్తూరు మనిషి. మేము ఆమెను సిస్టరమ్మ అని పిలిచేవాళ్లం. గంజి పెట్టిన తెల్లచీర, ఎంత ఎండలోనైనా కాళ్లకు మేజోళ్లు. శనివారం సాయంత్రం చిత్తూరులో చెల్లెలి ఇంటికి పోయి, ఆదివారం చర్చికి వెళ్లి, సోమవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చేసేది. ఆ చెల్లెలు తప్ప ఆమెకు ఎవరూ లేరు. మిగతా రోజులు క్లాసుకు దగ్గర్లోనే ఒక గది తీసుకుని ఉండేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. పాఠం చెబుతూ చెబుతూ, చెప్పా పెట్టకుండా రోగి అయిపోయేది. ఒకరోజు గొంతు పట్టుకుని ఊపిరాడనట్టు గింజుకునేది. ఇంకొకరోజు బల్ల మీదికి ఒరిగిపోయేది. మాలో ఎవరు ముందు లేచి ఏం చేస్తారో ఆమె చూడాలి. చేసింది సరిగా ఉంటే కళ్లు తెరిచి, "చాలు" అనేది. ఆ మాట వినపడేదాకా మేము ఆపకూడదు.

"పేషెంటు మీకు సెప్పి పడడమ్మా," అనేది. "అసెస్‌మెంటులో బొమ్మ ఉంటాది. ఆసుపత్రిలో బొమ్మ ఉండదు."

చివరి రెండు నెలలు ఇక అంతా పరీక్ష సాధనే. బయటినుంచి ఒక అధికారి వస్తాడు, ట్యాబులో ప్రశ్నలు ఉంటాయి, ఆ తర్వాత కట్లు కట్టడం, గుండె నొక్కడం, బీపీ, నాడి ఒక్కొక్కటీ చేసి చూపించాలి, ఫోన్లో వీడియో తీస్తారు. మా ఇరవై రెండు మందికీ బీపీ నేర్చుకోవడానికి సిస్టరమ్మ తన చెయ్యే ఇచ్చింది. మొదటి రెండు వారాలు ఆ చేతి మీద ఎక్కడ చూసినా కమిలిన మచ్చలు. నేరేడుపండు రంగులో ఒకటి, పక్కన పసుపు తిరిగినది ఇంకొకటి. మాకు సిగ్గుగా ఉండేది. పట్టీ గట్టిగా బిగిస్తున్నామని ఒకరినొకరం తిట్టుకునేవాళ్లం. తర్వాత్తర్వాత ఆ మచ్చలు పడడం మానేశాయి. మా చేతులు తిరిగాయి అనుకున్నాం. సంతోషించాం కూడా.

నాడి కూడా ఆమె మణికట్టు మీదే. ఒక నిమిషం పట్టుకుని ఎవరి లెక్క వాళ్లు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఆమె బోర్డు మీద సరైన జవాబు రాసేది. డెబ్బై ఆరు. సమంగా ఉంది.

మొదటి రోజు నేను నూట రెండు రాశాను. కింద, సమంగా లేదు అని కూడా రాశాను. నా వేళ్ల కింద అది మూడుసార్లు గబగబా కొట్టింది, ఒకటి మింగేసింది, మళ్లీ రెండు కొట్టి ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగింది. మగ్గాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఒక దెబ్బ తప్పితే పొయ్యి దగ్గర ఉన్నా నాకు వినపడుతుంది. కానీ బోర్డు మీద డెబ్బై ఆరు అని ఉంది. నా కాగితం తీసి సంచిలో పెట్టేసుకున్నాను.

రెండో రోజు నూట పది. మూడో రోజు తొంభై ఎనిమిది. బోర్డు మీద ప్రతిరోజూ డెబ్బై ఆరే. నాలుగో రోజుకల్లా మిగతావాళ్లందరి కాగితాల మీదా డెబ్బై నాలుగు, డెబ్బై ఐదు, డెబ్బై ఆరు కనిపించసాగాయి. వాళ్లు అబద్ధం రాశారని నేను అనను. వినాలనుకున్నది వేళ్లకు కూడా వినపడుతుంది.

ఇంట్లో నాయన చెయ్యి పట్టుకుని సాధన చేశాను. మా ఆయన చెయ్యి, పక్కింటామె చెయ్యి, రైల్లో రోజూ పక్కన కూర్చునే ఆమె చెయ్యి. పక్కింటామె దగ్గర అడిగి తెచ్చుకున్న డిజిటల్ బీపీ మిషన్లో కనిపించే అంకెతో సరిచూసుకున్నాను. ఒకటి రెండు అటూ ఇటూ తప్ప ఎక్కడా తేడా లేదు. తేడా అంతా ఆ ఒక్క చేతి దగ్గరే.

ఆ మాట నాయనతో అన్నాను. ఆయన మగ్గం ఆపి నావైపు తిరిగాడు.

"అందరి కాడా నీ లెక్క సరిపోతాండాది. ఆమె కాడ ఒక్కటే తప్పుతాండాది. అంతేనా?"

"అంతే నాయనా."

"అట్టయితే తప్పింది లెక్క కాదు," అని మళ్లీ మగ్గం ఆడించాడు.

నమూనా పరీక్ష పెట్టినప్పుడు నేను చూసిందే రాశాను. నూట నాలుగు, సమంగా లేదు. సిస్టరమ్మ దాని మీద ఎర్రగీత కొట్టి సున్నా వేసింది. ఆ గీత కొడుతున్నంతసేపూ ఆమె నా ముఖం వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆమెను గమనించడం మొదలుపెట్టాను. గమనించడమే కదా ఆమె మాకు నేర్పింది. మెట్లెక్కేటప్పుడు రెండో అంతస్తులో ఆగేది. చేతిసంచిలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడి ఊపిరి తీసుకునేది. కాళ్ల వాపు పాఠం చెప్పినప్పుడు, వేలితో నొక్కితే గుంట ఎలా మిగులుతుందో చూపించడానికి వేరే అమ్మాయి కాలు అడిగింది. ఆ అమ్మాయి కాలికి వాపు లేదు, గుంట పడలేదు. "పడుంటే ఇట్ట ఉంటాది," అని నోటితోనే చెప్పి ఊరుకుంది. మేజోళ్ల పైఅంచు దగ్గర ఆమె కాలు తాడుతో కట్టినట్టు నొక్కుకుపోయి ఉండడం ఆరోజు నేను చూశాను.

అసెస్‌మెంటుకు పంతొమ్మిది రోజులుందనగా, మధ్యాహ్నం అన్నాల వేళ, రెండో అంతస్తు మెట్ల మీద ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. కింద టైర్ల కొట్టులో గాలి కొట్టే మిషను చప్పుడు. నేను రెండు మెట్లు కిందుగా కూర్చున్నాను.

"సిస్టరమ్మా, నా లెక్క తప్పు కాదు," అన్నాను.

ఆమె సంచి మూత వేసింది.

"కాదు," అంది. "ఈ బ్యాచ్చిలో నాడి దొరికింది నీ ఒక్కదానికే."

"మరి సున్నా ఎందుకేసినారు?"

"నూట నాలుగని బోర్డు మింద రాస్తే ఏమయితాది సెప్పు. సాయంత్రానికి ఈ క్లాసు నడిపే సెంటరాయనకు తెలుస్తాది. ఈ ముసలామె వొద్దు, ఇంగొకర్ని పెడతానంటాడు. యాడ దొరుకుతారు ఇప్పుడు? పోయిన బ్యాచ్చికి ఇట్నే అయింది. సెప్పే ఆమె మద్దెలో మానుకునింది. అసెస్‌మెంటు మూడుసార్లు వాయిదా పడింది. ఆకరికి ఆరు మంది మిగిలినారు. మిగతావోళ్లంతా మళ్లా కూలికి పోయినారు."

"మీరు డాక్టరుకు సూపించుకోవాల గదా."

"సూపించుకున్న్యాను. మాత్రలుండాయి, ఏసుకుంటాండా. మీ అసెస్‌మెంటు అయిపోనీ. ఆ మరసటి దినమే నేను పొయ్యి ఆసుపత్రిలో పండుకుంటా. అంతవరకూ నువ్వు ఎవురికీ సెప్పొద్దు. ఇది పేషెంటు మాట అనుకో."

అలా అని లేచి, గోడ పట్టుకుంటూ పైకి వెళ్లిపోయింది.

మా పుస్తకంలో ఒక పేజీ ఉంది. రోగి చెప్పిన విషయం బయటపెట్టకూడదు, అని పైన. రోగి ప్రాణానికి ముప్పు ఉంటే వెంటనే పైవారికి తెలపాలి, అని దాని కింద. పరీక్ష కోసం రెండూ కంఠతా పట్టాను. ఆ రోజు నుంచి నేను పైవాక్యం పట్టుకుని కింది వాక్యం వదిలేశాను. సర్టిఫికెట్ నాకూ కావాలి. ఆ మాట ఇప్పుడైనా చెప్పాలి.

ఆ పదిహేను రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నానికి క్లాసు రేకుల పెట్టెలా కాగేది. నా వంతు వచ్చినప్పుడు సిస్టరమ్మ చెయ్యి చాచి కిటికీ వైపు తిరిగేది. నేను లెక్కపెట్టేదాన్ని. పైకి డెబ్బై ఆరు అనేదాన్ని. నోటుపుస్తకం చివరి పేజీలో అసలు అంకె రాసుకునేదాన్ని. నూట ఎనిమిది. నూట పద్నాలుగు. నూట ఇరవై. మొదట్లో ఒకచోట ఆగే మెట్ల మీద ఆమె ఇప్పుడు మూడుచోట్ల ఆగుతోంది. రోగిలా నటించడం కూడా తగ్గించింది. నటించినా కిందపడేది కాదు, కుర్చీలోనే. ప్రతి సాయంత్రం రైలెక్కినప్పుడు, రేపు ఆమె వస్తుందో రాదో అనుకునేదాన్ని. పొద్దున మెట్ల మీద తెల్లచీర కనిపిస్తే ఇంకొక రోజు గడిచింది అనుకునేదాన్ని. రిజిస్టరులో ఆమె పేరు పక్కన చెల్లెలి ఫోన్ నెంబరు ఉండేది. ఒకరోజు దాన్ని నా చేతి మీద రాసుకున్నాను కూడా. రైలు రేణిగుంట దాటేలోపు చెమటకు చెరిగిపోయింది. మళ్లీ రాసుకోలేదు.

అసెస్‌మెంటుకు ఇంకా నాలుగు రోజులుంది. ఆ పొద్దున ఆమె మమ్మల్ని వరుసగా నిలబెట్టి నోటిపరీక్ష ప్రశ్నలు అడుగుతోంది.

"కాలిన సోట మొదట ఏం జేస్తావు?"

"మామూలు నీళ్లు పోస్తానమ్మా. ఇరవై నిమిషాలు," అంది ఒక అమ్మాయి.

"ఐసు?"

"పెట్టకూడదు."

"బాగా..." అని ఆగింది సిస్టరమ్మ. కుడిచేతిలోని సుద్దముక్క కింద పడింది. వంగి తీసుకోబోయింది. వేళ్లు దాని పక్కనే నేల మీద తడిమాయి గానీ పట్టుకోలేదు. కుర్చీలో కూలబడింది. నోరు తెరిచి, "నీళ్ల... బండి... నీళ్ల..." అంది.

నా పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడిచింది. "పక్షవాతం కేసు. పోయిన వారం సెప్పింది గదా, అదే."

ముందు వరుసలోంచి ఒకామె లేచి, మాకు నేర్పినట్టే ఆమె ఎదురుగా నిలబడింది. "సిస్టరమ్మా, ఒకసారి నవ్వండి," అంది.

సిస్టరమ్మ నవ్వింది. సగం ముఖమే నవ్వింది.

"రెండు సేతులూ పైకెత్తండి."

ఎడమ చెయ్యి లేచింది. కుడిది ఒడిలోనే ఉండిపోయింది. వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఎంత బాగా చేస్తాండాది," అన్నారు. అందరూ నవ్వుతూ ఆమె నోటినుంచి "చాలు" అనే మాట కోసం చూస్తున్నారు. ఆమె ఎంగిలి కారి గంజి చీర మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. ఆమె కళ్లు గదిలో అందరినీ దాటుకుంటూ వచ్చి నా మీద ఆగాయి.

వాళ్లను తోసుకుని వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. నా వేళ్ల కింద వల తెంచుకునే చేపలా కొట్టుకుంటోంది. ముఖంతో నటించవచ్చు, చేత్తో నటించవచ్చు. నాడితో నటించలేరు.

"నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండి," అన్నాను.

అది కూడా సాధనలో మేము రోజూ చెప్పే మాటే. ఒక అమ్మాయి పిడికిలి చెవి దగ్గర పెట్టుకుని, "హలో, నూటెనిమిదా అండీ," అంది ఎప్పటిలాగే. మళ్లీ నవ్వులు.

నేనే నా ఫోన్ తీసి నొక్కాను. స్పీకర్లోంచి అవతలి గొంతు అంబులెన్సు ఎక్కడికి రావాలని అడిగింది. అప్పుడు ఆగాయి నవ్వులు.

గుమ్మం మీది గడియారం చూశాను. పదకొండూ ఇరవై ఐదు. ఎవరో గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టబోయారు. చెయ్యి అడ్డం పెట్టాను. నలుగురం కలిసి మంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఒక్క తప్పు లేకుండా చేశాం. అంత బాగా నేర్పింది ఆమె. మూడంతస్తుల మెట్లు దిగడానికే ఎక్కువసేపు పట్టింది. ప్రతి మలుపు దగ్గరా స్ట్రెచరు నిలువుగా లేపాల్సి వచ్చింది. ఆమె ఎడమచెయ్యి నా కొంగు పట్టుకునే ఉంది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నవాడు. "ఎంతసేపయింది?" అని అడిగాడు.

"పదకొండూ ఇరవై ఐదుకు సార్. అంతకుముందు బాగానే మాట్లాడినారు."

"పాత జబ్బులేమైనా ఉన్నాయా?"

"నాడి సమంగా లేదు. ఆరు వారాలనుంచీ."

"ఎవరు చూశారు?"

"నేనే సార్," అని నోటుపుస్తకం చివరి పేజీ తీసి ఇచ్చాను. ఆయన ఆ అంకెలవైపు చూసి, తర్వాత నావైపు చూశాడు.

"నాడి ఇలా తప్పితే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతుంది. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా? అది తెలియాలి. వాడుతుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకూడదు, లోపల రక్తం కారుతుంది. వాడకపోతే ఇది ఇవ్వాలి, ఆలస్యమైతే పనిచెయ్యదు."

"వేసుకుంటాండాను అనింది సార్," అన్నాను.

నర్సు సిస్టరమ్మ చేతిసంచి బల్ల మీద బోర్లించింది. కళ్లజోడు, చిన్న బైబిలు, చిత్తూరు బస్సు టికెట్లు, మూడు మాత్రల అట్టలు. ఒకటి ఖాళీ, ఒకటి తెరవనేలేదు. మూడోదాంట్లో నాలుగే తీసి ఉన్నాయి. మందుల చీటీ చూస్తే నెలన్నర కిందట కొన్నవి.

డాక్టరు అట్ట తిప్పి చూశాడు. "ఇది వేసుకునేవాళ్లకు చెయ్యి కాస్త గట్టిగా పట్టుకున్నా కమిలిపోతుంది. అలాంటివేమైనా చూశారా?"

"మొదట్లో ఉన్నాయి సార్," అన్నాను. "నెల అయింది, మళ్లీ పడలేదు."

అప్పుడు అర్థమైంది. ఇరవై రెండు మంది రోజూ పట్టీ బిగించే చెయ్యి అది. ఆ మచ్చలు చూసి ఎవరో ఒకరు అడుగుతారు, అడిగితే బయటపడుతుంది. మాకు చెయ్యి ఇవ్వడానికే ఆమె మాత్రలు మానేసిందని నా అనుమానం. ఆమె చెప్పలేదు. ఇక చెప్పే వీలూ లేదు.

స్కానింగు తీసి, రక్తం పరీక్ష చేసి ఇంజెక్షన్ ఇచ్చారు. ప్రాణం నిలిచింది. కుడివైపు చెయ్యీ కాలూ తిరిగి రాలేదు. మాటా రాలేదు. ఒకటి రెండు ముక్కలు వచ్చేవి, అవి కూడా ఆమె చెప్పదలచుకున్నవి కావు.

సెంటరాయన రెండు ఫోన్లు చేశాడు. మరుసటి రోజు పొద్దునకల్లా కొత్త టీచరు వచ్చేసింది. అసెస్‌మెంటు ఒక్క వారమే వెనక్కి జరిగింది. ఆ సంగతి విన్నప్పుడు మా అమ్మాయిలంతా గండం గడిచిందన్నట్టు ఊపిరి పీల్చుకున్నారు. నేను బాత్‌రూములోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు నిలబడ్డాను. రెండు ఫోన్లు. దానికోసం ఆమె అంత పని చేసింది, నేను నోరు మూసుకున్నాను.

పరీక్ష రోజు అన్నీ బాగానే చేశాను. ట్యాబులో పదిహేడో ప్రశ్న, రోగి విషయం ఎప్పుడు పైవారికి చెప్పాలి అని. సరైన జవాబు నొక్కాను. ఇరవై రెండు మందిమీ పాసయ్యాం.

సర్టిఫికెట్ వచ్చిన తర్వాతి ఆదివారం చిత్తూరు వెళ్లాను. సిస్టరమ్మ చెల్లెలు చిన్న ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఉంటుంది. లోపలి గదిలో మంచం. సిస్టరమ్మ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉందో, ఇంకేమైనా ఉందో నాకు తెలియలేదు. సర్టిఫికెట్ చూపించాలని తీసుకుపోయాను. సంచిలోంచి తియ్యలేకపోయాను.

చెల్లెలు నాకు మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ డాక్టరు సెప్పినాడు," అంది. "ఎవురో పుస్తకంలో రాసిపెట్టింటే పనికొచ్చింది అని. అది నువ్వేనా?"

"నేనేమ్మా."

"అట్లయితే నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎన్నాళ్ల ముందు?"

"ఆమె నోటితో సెప్పి పదైదు దినాలు. నా సేతికి తెలిసి ఆరు వారాలు."

ఆమె కుట్టుమిషను మీద ఉన్న గుడ్డ తీసి మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది.

"ప్రతి శనివారం ఈడికే వస్తా ఉన్నింది," అంది. "ఈ మంచం మిందే పండుకునేది. నా ఫోన్ నెంబరు లేదా మీ కాడ?"

"ఉండాది."

ఆమె లేచింది. "రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలంట, లేకపోతే పుండ్లు పడతాయంట. నా ఒక్కదానితో కావడం లేదు. వచ్చినావు గదా, ఒక సెయ్యి వెయ్యి."

చేతులు కడుక్కుని వచ్చాను. తల కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి ఇద్దరం కలిసి గోడవైపు తిప్పాం. వీపు వెనక దిండు ఆనించి, దుప్పటి ముడతలు లేకుండా లాగాను. మోకాళ్ల మధ్య మెత్త ఎలా పెట్టాలో చెల్లెలికి చూపించాను. ఆమె శ్రద్ధగా చూసి, తనూ ఒకసారి పెట్టి చూసుకుంది.

బయలుదేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. పోయిరా అని అనలేదు. నేనూ పోయొస్తానని అనలేకపోయాను. నగరి బస్సు ఎక్కడ ఆగుతుందో మాత్రం చెప్పి, తలుపు దగ్గరగా వేసుకుంది.